కొత్త కారు, ఆరని దీపం

కొత్త డీజిల్ కారు ఇంటికి వచ్చిన నాటి నుండి మీటరు మీద పదే పదే వెలిగే ఆ పసుపు దీపం నా ప్రాణం తోడేస్తున్నది. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణాలు దేశమంతటా తప్పనిసరి కావడంతో, పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు డీజిల్ కార్లకు వచ్చి చేరింది; అందులో మసి పేరుకున్నప్పుడే ఈ దీపం వెలుగుతుంది; ఆ మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి, అందుకు బండి ఆగకుండా కొంతసేపు వేగంగా పోవాలి. నల్లగొండలో క్లాక్ టవర్‌కూ బస్టాండుకూ పిల్లల బడికీ తిరిగే బండికి ఆ యోగం ఎక్కడిది? అందుకే పని లేకపోయినా నార్కట్‌పల్లి దాకా వెళ్లి, విజయవాడ రహదారి ఎక్కి, సూర్యాపేట వైపు డీజిల్ తగలేసుకుంటూ పోవలసి వస్తున్నది. కాలుష్యం తగ్గించే తీరు ఇదేనేమో!

సర్వీసు సెంటరు వారేమో కంప్యూటరు తగిలించి, దీపం ఆర్పి, "మీరు నడిపే పద్ధతే సరిగా లేదు సార్" అని సెలవిస్తారు. అమ్మేటప్పుడు మైలేజీ గురించి అంతగా ఊదరగొట్టిన వారికి ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు. పైగా, మసి కాల్చే పని మధ్యలో ఆగినప్పుడల్లా, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. మొన్న డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీతను దాటి ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన గుప్పుమన్నది. గడువుకు ముందే ఆయిల్ మార్చాలన్నారు. ఆ ఖర్చు వారంటీలోకి రాదట.