కొండకీ పోటీయేనా?

పర్లాకిమిడిలో మహేంద్రతనయ నదికి కాస్త ఇవతల ఒక పెంకుటిల్లు. ఇంటాయన సింహాచలం, బోర్డులు రాసే మనిషి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే వరసలో తూగేలా రాయగలడు. ఫ్లెక్సులు వచ్చాక బోర్డులు తగ్గాయి, ఖాళీ పెరిగింది. ఆ ఖాళీలో కాన్వాసు మీద మహేంద్రగిరి కొండ వేస్తున్నాడు. వేస్తున్నాడు అనడం కంటే చెరుపుతున్నాడు అనడమే న్యాయం. వసారాలో ఆయన, చేటలో బియ్యం ఏరుతూ భార్య నీలవేణి.

నీలవేణి: ఏటండీ, కొండ మళ్ళీ రంగు మారింది? పొద్దున్న పచ్చగా ఉంది కదా.

సింహాచలం: పచ్చ కొండలు ఇప్పుడు ఎవరూ వెయ్యట్లేదే.

నీలవేణి: ఎవరూ అంటే?

సింహాచలం: ఎవరూ అంటే... లోకం.

నీలవేణి: లోకం అంటే మీ జయపురం స్నేహితుడు. పేరు చెప్పకుండా తిప్పుతారేం?

సింహాచలం: వాడు దేవమాలి కొండ వేశాడు. ఊదా రంగు నీడలు, పైన కాస్త వెలుగు. ఫోన్లో పెట్టాడో లేదో లైకులే లైకులు. మీ చెల్లెలు కూడా కొట్టింది.

నీలవేణి: అది కనపడ్డవాటన్నిటికీ కొడుతుంది. మొన్న ఎవరో పోయారని పెడితే దానికీ కొట్టి, తర్వాత నాలిక కరుచుకుంది. దాన్ని లెక్కలోంచి తీసెయ్యండి.

సింహాచలం: ఇంకో సంగతి కూడా ఉంది. దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. మన మహేంద్రగిరి 1501.

నీలవేణి: అయితే?

సింహాచలం: అంటే మొదట్లోనే తగ్గిపోయాం కదా.

నీలవేణి: బాగుంది వరస. కొండలకి కూడా మార్కులు వేశారా? ఆ కొండ మీద పరశురాముడు తపస్సు చేశాడంటారు. ఆయన కూర్చునే ముందు టేపు పెట్టి కొలుచుకున్నాడంటారా?

సింహాచలం: నీకు వేళాకోళంగా ఉంది. సరే, కిందటిసారి వేసిన కొండేది? గోడకి ఆనించి పెట్టాను. దానిలో ఆకాశం కాస్త నయం. ఒకసారి చూడాలి.

నీలవేణి: ఆవకాయ జాడీకి వాసెన కట్టాను.

సింహాచలం: కాన్వాసుతోనా!

నీలవేణి: చట్రం నుంచి ఊడదీశాను లెండి. గట్టి గుడ్డ, దుమ్ము దూరదు. మీరే కదా పనికిరాదన్నారు.

సింహాచలం: పనికిరాదంటే... వాడి బొమ్మ పక్కన పెడితే పనికిరాదన్నాను.

నీలవేణి: జాడీకి ఆ లెక్కలు తెలీవు.

సింహాచలం: పోనీ కొండ పైకి కనపడేలాగైనా కట్టావా?

నీలవేణి: శిఖరం సరిగ్గా మూత మీదికొచ్చింది. భీముడి గుడి మాత్రం పక్కకి జారి నూనెలో తడిసింది.

(సింహాచలం బ్రష్షు కిందపెట్టి నుదురు పట్టుకుంటాడు. నుదుటి మీద ఊదా రంగు అంటుకుంటుంది. ఆవిడ చూసి కూడా చెప్పదు.)

సింహాచలం: ఇది నా ఒక్కడి జబ్బు కాదే. 1954లో అమెరికాలో లియాన్ ఫెస్టింజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. మనం ఎంతవాళ్ళమో కొలుచుకుందామంటే సరైన కొలబద్ద దొరకదట. అప్పుడు పక్కవాళ్ళ మీద పడతామట. అదీ మరీ అందనంత పెద్దవాళ్ళతో కాదు. మనలాంటి వాళ్ళతోనే.

నీలవేణి: ఓహో! దేవుడి గదిలో రవివర్మ లక్ష్మి ఇన్నేళ్ళ నుంచి ఉన్నా మీకు నిద్ర పట్టడం అందుకేనా?

సింహాచలం: రవివర్మతో నాకేం పేచీ? ఆయన 1848లో పుట్టాడు, మహారాజులకి వేశాడు. 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టాక ఆయన లక్ష్మీ సరస్వతులు ఇంటింటి గోడా ఎక్కారు. ఆయన ఆయనే. వీడలా కాదు. ఇద్దరం ఒకే గురువు దగ్గర, ఒకే డబ్బాలో బ్రష్షులు ముంచాం. బోర్డు మీద ‘శ్రీ’ ఎలా తిప్పాలో వాడికి చూపించింది నేను. అలాంటివాడు ఇవాళ ఊదా నీడలు వేస్తే...

నీలవేణి: కడుపు మండదూ మరి.

సింహాచలం: మంట కాదు, ఆవేదన.

నీలవేణి: రెండింటికీ మజ్జిగే మందు. తెమ్మంటారా?

సింహాచలం: నవ్వు, నవ్వు. మహామహులకే తప్పలేదు. ఇటలీలో ఫ్లోరెన్స్ అని ఊరుంది. అక్కడి సభ జరిగే హాల్లో యుద్ధం బొమ్మ వెయ్యమని లియొనార్డో డావిన్సీకి పని ఇచ్చారు. 1504లో అదే హాలుకి ఇంకో యుద్ధం బొమ్మ మైకెలాంజిలోకి ఇచ్చారు. అప్పటికి ఆయనకి 52 ఏళ్ళు, ఈయనకి 29.

నీలవేణి: ఒకే గదికి ఇద్దరు మేస్త్రీలా? వంటింటికి సున్నం వెయ్యడానికి కూడా ఎవరూ అలా పెట్టరు.

సింహాచలం: పోటీ పడి ఇంకా బాగా వేస్తారని అనుకునుంటారు. లియొనార్డో జెండా కోసం కొట్టుకునే గుర్రాలు, రౌతులు గీశాడు. మైకెలాంజిలో ఏం చేశాడంటే, సైనికులు ఏట్లో స్నానం చేస్తుంటే ‘శత్రువు వచ్చాడు’ అని కేక వినపడిందట. అందరూ గట్టెక్కి బట్టలు వెతుక్కుంటున్న బొమ్మ.

నీలవేణి: యుద్ధం వెయ్యమంటే స్నానాలు వేశాడా! డబ్బులిచ్చారా ఆయనకి?

సింహాచలం: అసలు సంగతి విను. ఇద్దరూ పూర్తి చెయ్యలేదు. అంతటి ఇద్దర్ని ఎదురెదురుగా పెడితే చివరికి గోడ మిగిలింది.

నీలవేణి: ఎందుకు పూర్తవలేదు?

సింహాచలం: లియొనార్డో ఏదో కొత్త పద్ధతి అని నూనె రంగులు గోడకి పట్టించబోతే కారిపోయాయి. మైకెలాంజిలో కాగితాల మీద పెద్ద నమూనా గీశాడు. ఈలోగా రోములో ఉండే క్రైస్తవుల పెద్ద గురువు, పోపు, కబురు పెట్టాడు, అక్కడికి వెళ్ళిపోయాడు.

నీలవేణి: మరి ఒకాయనకి రంగు కారింది, ఇంకొకాయనకి పెద్ద బేరం తగిలింది. మధ్యలో పోలికనెందుకు ఆడిపోసుకుంటారు? మీకు రంగు కారిందా? పోపు గానీ కబురు పెట్టాడా?

సింహాచలం: (కాసేపు ఆగి) నీకు కథ చెప్పడం నాదే బుద్ధి తక్కువ.

నీలవేణి: తర్వాత ఆ గోడలేమయ్యాయి?

సింహాచలం: 1560 తర్వాత వసారి అని ఒకాయన వచ్చి, హాలుని బాగు చేయించి, తన యుద్ధాలతో నింపేశాడు.

నీలవేణి: అదీ పని అంటే! వీళ్ళిద్దరి కంటే గొప్పగా వేశాడా?

సింహాచలం: అలా ఎవరూ అనరు.

నీలవేణి: ఎవరూ అనకపోయినా గోడ నిండింది కదా. మన వసారాలో చూడండి, చట్రాలే ఉన్నాయి.

సింహాచలం: ఇంకోటి కూడా చెప్పాలి. ఆ అసంపూర్తి నమూనాలు చూడ్డానికి కుర్ర చిత్రకారులు వచ్చి ఎదురుగా నిలబడి గీసుకునేవారట. రఫేల్ కూడా వాటిని చూసి నేర్చుకున్నవాడే. అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు.

నీలవేణి: ఆ కుర్రాడు నుదురు పట్టుకుని కూర్చున్నాడా?

సింహాచలం: లేదు. గుర్రం మెడ ఎలా తిప్పారు, మనిషి వంగితే వీపు కండ ఎలా లేస్తుంది, అవి చూసుకున్నాడు.

నీలవేణి: మరి మీరు జయపురం బొమ్మలో ఏం చూస్తున్నారు? చెయ్యి తిరిగిన తీరా, కింద పడ్డ లైకులా?

సింహాచలం: ... చెయ్యి కూడా చూశాను. పెద్దది చేసుకుని మరీ చూశాను. నీడలో నల్లరంగు చుక్క కూడా లేదే. నీలంలో ఎరుపు కలిపాడు. కానీ ఆ ఎరుపు ఏదో అంతుపట్టడం లేదు. కుంకుమ లాంటిది కాదు, కాస్త గులాబీ వైపు ఉంది.

నీలవేణి: అది చూడ్డమంటే. ఫోన్ చేసి అడగండి మరి.

సింహాచలం: అడగడమా! నేనా! ‘శ్రీ’ నేర్పింది నేను!

నీలవేణి: అయితే ‘శ్రీ’ వేసుకోండి కొండ మీద.

(చేట విదిలిస్తుంది. నాలుగు బియ్యపు గింజలు తడి కాన్వాసు మీద పడి అతుక్కుంటాయి. సింహాచలం వాటిని గోటితో ఒక్కొక్కటే తీస్తాడు. గింజ వచ్చిన చోటల్లా ఊదా కింద నుంచి పొద్దుటి పచ్చ చుక్కలా బయటపడుతుంది.)

నీలవేణి: పైన కొండల్లో సవర గిరిజనులు ఇంటి గోడ మీద వేస్తారు కదా, అది చూడండి. ఎర్రమట్టి పూసిన గోడ, వరిపిండి తెలుపు. ముందు చుట్టూ చట్రం గీసి, ఆ తర్వాత లోపల మనుషులు, ఏనుగులు, చెట్లు. వేసేది పెద్దల కోసం, దేవతల కోసం. కింద ఏ మూలా పేరుండదు.

సింహాచలం: నాకు తెలీదా? లాంజియా సవర చిత్రకళకి, అది ఈ ప్రాంతపు సొత్తేనని, 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఎక్కడికైనా పట్టుకెళ్తే, ‘ఓ, మహారాష్ట్ర వార్లీ బొమ్మలా?’ అనేవాడొకడు తగులుతాడు.

నీలవేణి: అంటే పోల్చింది చూసినవాడు. వేసినవాడు కాదు.

సింహాచలం: నాకు దేవతలు చెప్పడం లేదు కదే వెయ్యమని. నాకు చూసేవాడు కావాలి.

నీలవేణి: (గొంతు తగ్గించి) అదీ నిజమేలెండి. కానీ ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు ఉండేవారు. సవర భాష నేర్చుకుని వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. అప్పుడు లైకులెవరు కొట్టారు?

సింహాచలం: పక్కన పోటీ పడేవాడు లేడు కాబట్టి ప్రశాంతంగా రాసుకున్నారు.

నీలవేణి: ప్రశాంతంగానా? వాడుక భాష కోసం పండితులందరితో తగువేసుకున్న మనిషండీ! తగువేసుకుంటూనే అంత పని చేశారు.

సింహాచలం: మనమూ రోజూ తగువాడుతున్నాం. ఏం పని జరిగింది?

నీలవేణి: నా వడియాలు ఎండాయి.

సింహాచలం: సరే, నీ సంగతికొద్దాం. రాయగడ నుంచి మా వదిన ఆవకాయ పంపితే ఏం చేశావు?

నీలవేణి: రుచి చూశాను.

సింహాచలం: అర్ధరాత్రి లైటేసుకుని, పళ్ళెంలో ముక్క విప్పి, వేళ్ళతో పిండి రాసి చూస్తుంటే నేను దొంగలనుకున్నాను. తెల్లారాక మన జాడీలో ఇంకో దోసెడు ఆవపిండి గుమ్మరించావు. అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న ఆవకాయ చేదెక్కింది. అది పోలిక కాదా?

నీలవేణి: అది పరిశోధన.

సింహాచలం: నాది జబ్బు, నీది పరిశోధన!

నీలవేణి: నేను చేదైనా వడ్డించాను. మీరు వడ్డించడం లేదు కదా, జాడీలోంచి జాడీలోకి మారుస్తున్నారు. అవునూ, ఆ కొండకి మనం శివరాత్రికి వెళ్ళాం కదా. మీకేం గుర్తుంది?

సింహాచలం: మంచు. కళ్ళు పొడుచుకున్నా కనపడనంత మంచు. భీముడి గుడి రాళ్ళు చెయ్యి పెడితే జారేలా తడిగా ఉన్నాయి. నీ చెప్పు తెగింది.

నీలవేణి: చెప్పు తెగింది గుర్తుంది, కొండ రంగు గుర్తు లేదు.

సింహాచలం: మంచులో రంగెక్కడిదే? ముందు నడిచే మనిషి భుజం మీద ఎర్ర తువ్వాలు తప్ప ఏమీ కనపడలేదు. ఆ తువ్వాలు పట్టుకునే పైదాకా నడిచాం.

నీలవేణి: మరి ఈ ఊదా ఎక్కడి నుంచి వచ్చింది?

సింహాచలం: జయపురం నుంచి.

(ఇద్దరికీ నవ్వొస్తుంది. ముందు నవ్వింది తాను కాదన్నట్టు ఇద్దరూ చెరోవైపు తిరుగుతారు.)

నీలవేణి: తువ్వాలే వెయ్యరాదూ?

సింహాచలం: మహేంద్రగిరి అని పేరు పెట్టి తువ్వాలు వేస్తే నవ్వరూ? కొండేదని అడగరూ?

నీలవేణి: అడిగితే, మేం వెళ్ళిన రోజు మాకూ కనపడలేదని చెప్పండి.

(సింహాచలం సమాధానం చెప్పడు. గీకుడు కత్తితో ఊదా అంతా లాగేస్తాడు. తెలుపులో కొసంత నీలం, దీపం మసి అంత నలుపు కలిపి కాన్వాసంతా పట్టిస్తాడు. ఆ తర్వాత బోర్డు రాసేటప్పటి అలవాటుగా, తడి తగలని అంచు మీద చిటికెనవేలు ఆనించి, సన్న బ్రష్షుతో ఎర్రగా ఒకే ఒక్క వంపు తిప్పుతాడు. చూస్తే అచ్చం ‘శ్రీ’లో మొదటి మెలికలా ఉంది. తువ్వాలు భుజం మీద పడ్డట్టూ ఉంది.)

నీలవేణి: చెయ్యి ఆడుతోంది కదా, పనిలో పని, నా జాడీలకి లేబుళ్ళు రాసి పెట్టండి. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి. అక్క రాయగడలో అచ్చు వేయించిందట. దానికంటే బాగుండాలి.

సింహాచలం: ఇప్పటిదాకా పోల్చుకోకూడదని...

నీలవేణి: నేనన్నది కొండల గురించి. ఆవకాయ గురించి ఎప్పుడన్నాను?

సింహాచలం: (బ్రష్షు గాల్లోనే ఆపి) వదిన ఏ రంగు వేయించింది?

నీలవేణి: పసుపు మీద ఎరుపట.

సింహాచలం: పసుపు మీద ఎరుపా! ఎవరైనా వేస్తారు. మనం ముదురాకుపచ్చ మీద...

నీలవేణి: ముందా తువ్వాలు కానివ్వండి!