అద్దంగారికి, ఉభయకుశలోపరి

పెరంబూర్,
చెన్నై.

మహారాజశ్రీ డీఎస్ఎల్ఆర్ కెమెరా అద్దంగారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా నాన్నగారి కాలం నాటి మర్యాద. ఇక్కడ నేను కుశలమే. తమరి కుశలం గురించి మాత్రం ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో రకరకాలుగా చెప్పుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నేనెవరో చెప్పుకోవాలి. 2018 చివర్లో ఒక కెమెరా కొందామనుకున్నవాణ్ణి. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. మా అత్తగారి ఊరు సూళ్లూరుపేట. ప్రతి సంక్రాంతికీ సెంట్రల్‌లో లోకల్ ఎక్కి వెళ్తాం. అక్కడ శ్రీహరికోట రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా పులికాట్ నీళ్లు, ఆ నీళ్లలో బారులు తీరిన ఫ్లెమింగోలు. దొరవారిసత్రం వైపు వెళ్తే నేలపట్టు చెరువులో చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. అవన్నీ ఎక్కడెక్కడి నుంచో అంత దూరం ఎగిరొస్తే, నేను ఫోన్ పైకెత్తి నాలుగు తెల్ల చుక్కలు పట్టుకొస్తున్నాను. ఆఫీసులో "ఇదిగో, గూడబాతు" అని చూపిస్తే ఒక కుర్రాడు తన చొక్కా కొసతో నా ఫోన్ తుడిచాడు, దుమ్మనుకుని.

ఆ రోజే రూళ్ల నోటుపుస్తకం కొన్నాను. పేజీ మధ్యలో నిలువు గీత కొట్టి ఒక వైపు "అద్దం ఉంది", ఇంకో వైపు "అద్దం లేదు" అని రాశాను. ఉన్నవైపు, అంటే లెన్సు వెనక తమరు కొలువున్న డీఎస్ఎల్ఆర్‌ల వైపు, నికాన్ డీ3500. లేనివైపు, అంటే తమరిని తీసేసిన మిర్రర్‌లెస్‌ల వైపు, కెనాన్ ఎం50. రెండూ ఆ ఏడాది వచ్చినవే. బొమ్మ పడే సెన్సర్ రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే, 24 మెగాపిక్సెళ్లు. కాబట్టి తగువంతా తమరి గురించే.

పెళ్లి సంబంధమైతే ఈపాటికి తేలిపోయేది. అప్పుడు మా అమ్మాయి మూడో తరగతి, ఇప్పుడు పదో తరగతి. నేను తేల్చుకునేలోపు రెండు కంపెనీలూ ఆ రెండు కెమెరాల తయారీనే ఆపేశాయి. నా పట్టికలో గళ్లు మాత్రం పెరుగుతూ వచ్చాయి. మధ్యలో ఒక పేజీలో మా ఆవిడ ఆవిన్ పాల లెక్క రాసింది. పుస్తకం మొత్తానికి కింద గీత గీసి కూడిక వేసింది ఆ పేజీ ఒక్కటే.

బరువు గడి సంగతి చెప్తాను. బ్యాటరీ, కార్డుతో కలిపి డీ3500 415 గ్రాములు, ఎం50 387. తేడా 28 గ్రాములు. ఒక ఇడ్లీ అంత కూడా లేదు. దీని మీద దీపావళి నుంచి ఉగాది దాకా ఆలోచించాను. మెడ నొప్పి, వయసు, మా వంశంలో నడుముల చరిత్ర, అన్నీ లెక్కలోకి తీసుకున్నాను. ఆ తర్వాత తెలిసింది, పక్షుల కోసం అందరూ తగిలించే 150-600 మిల్లీమీటర్ల దూరపు లెన్సు ఒక్కటే దాదాపు 2 కిలోలని. ఏనుగును మోయబోతూ బరువు తగ్గుతుందని జేబులో చిల్లర తీసేసినట్టయింది నా పని.

బ్యాటరీ గడి మాత్రం తమరి పరువు నిలబెట్టింది. ఒక్కసారి ఛార్జి చేస్తే, కంపెనీల లెక్కన, డీ3500 1550 ఫొటోలు తీస్తుంది. ఎం50 235 తీస్తుంది. కారణం తమరి నిరాడంబరత్వమే. లెన్సులోంచి వచ్చిన వెలుతురును 45 డిగ్రీల వాలులో నిలబడి పైకి తోస్తారు, అది పైన రెండు మలుపులు తిరిగి కంటికి చేరుతుంది. దీనికి కరెంటు ఎందుకు? బ్యాటరీ పీకేసి చూసినా ఎదురుగా ఉన్న లోకం కనిపిస్తుంది. అద్దం లేనివాళ్లకు ఆ భోగం లేదు. సెన్సర్ ఎప్పుడూ మేలుకుని చూస్తూ ఉండాలి, చూసింది ఒక బుల్లి టీవీలో వేసి మనకు చూపిస్తూ ఉండాలి. ఇంట్లో ఎవరూ చూడకపోయినా రోజంతా మోగే టీవీకి కరెంటు బిల్లు ఎంతొస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అయితే అద్దంగారూ, తమరిలో ఒక అలవాటు నాకు మింగుడు పడలేదు. బటన్ నొక్కగానే వెలుతురు తమరి వెనక ఉన్న సెన్సర్ మీద పడాలి కదా. అందుకు తమరు టక్కున పైకి లేస్తారు. ఆ రెప్పపాటు కంటికి అంతా చీకటి. అంటే తమరి కెమెరాతో తీసిన ప్రతి ఫొటో, తీసినవాడు చూడని క్షణానిదే! పొద్దుటి నుంచీ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరి వివరాలూ చెప్పిన తాతగారు, తీరా పెళ్లికొడుకు కారు దిగే వేళకు లేచి లోపలికి వెళ్లినట్టు. మా పెళ్లిలో ఫొటోగ్రాఫర్ మూడుముళ్ల సమయానికి రీలు మారుస్తూ ఉండిపోయాడు. ఆల్బంలో రెండో ముడి నుంచే ఉంది. మొదటి ముడికి ఆధారాలు లేవని మా ఆవిడ అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉంటుంది. అందుకే ఈ విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ.

మా బావమరిది తమరికి బద్ధ విరోధి. షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అద్దం లేని కెమెరా మెడలో. "బావా, నీ అద్దం ఎదురుగా ఉన్నది చూపిస్తుంది. నాది ఫొటో ఎలా వస్తుందో అదే చూపిస్తుంది. వెలుతురు ఎక్కువైతే ముందే తెలిసిపోతుంది. చప్పుడు కూడా ఉండదు" అంటాడు. అది నిజమే. పళ్లికరణై దగ్గర తీగ మీద కూర్చున్న లకుముకి పిట్టను వాడు పదహారుసార్లు తీశాడు, అది కదల్లేదు. తమరు "టక్" అంటే లేచిపోయేదేమో. కానీ వాడు ఆ పదహారూ నాకు ఒక్కొక్కటే పెద్దది చేసి చూపించాడు. ఆ చప్పుడు లేనితనానికి నేను చెల్లించిన మూల్యం అది.

రెండు సంక్రాంతుల కిందట ఇక పరీక్ష పెట్టేద్దామనుకున్నాం. పక్కింటి పెద్దాయన, రైలు పెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు, తన పాత కెనాన్ అద్దం కెమెరా, లెన్సుతో సహా అరువిచ్చారు. శ్రీహరికోట రోడ్డు మీద నేను తమరితో, వాడు తమరు లేకుండా, పక్కపక్కన నిలబడ్డాం. వెనకాల మా అత్తగారు, మా ఆవిడ, మా అమ్మాయి, చెరకు ముక్కలు నములుతూ. ముప్పావు గంట ఏమీ జరగలేదు. ఫ్లెమింగోలు తలలు నీళ్లలో ముంచి తింటున్నాయి. ఉన్నట్టుండి ఏం చూశాయో, గుంపంతా ఒక్కసారి లేచింది. నేను నొక్కాను. తమరు లేచారు. చీకటి. తమరు దిగేసరికి నీళ్లు. నా ఫొటోలో పై అంచున వేలాడుతున్న కాళ్లు పదకొండు ఉన్నాయి. మరీ బేసి సంఖ్య ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. మా వాడి సంగతి ఇంకా విచిత్రం. బ్యాటరీ మిగుల్తుందని వాడి కెమెరా నిద్రపోయింది. వాడు కన్ను ఆనించి, బటన్ నొక్కి, అది ఆవులించి లేచేసరికి ఫొటోలో ఒక మబ్బు, ఒక కరెంటు స్తంభం.

"రెక్కలు తెరిస్తే లోపలంతా కుంకం మాదిరి ఉండాయి. చూసినారా నాయనా?" అంది మా అత్తగారు.

ఇద్దరం చూడలేదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. "బాగుందత్తయ్యా" అన్నాను.

పోయిన నెల పక్కింటి పెద్దాయన, "ఇంక నేనెక్కడ తిరుగుతాను, ఆ లెన్సు నువ్వే ఉంచుకో నాయనా" అన్నారు. లెన్సు వచ్చిందంటే సగం కెమెరా వచ్చినట్టే. పుస్తకం చంకలో పెట్టుకుని రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. ఒక కెమెరా కొట్లో కుర్చీలో కూర్చున్న ఆయన నా పట్టిక వైపు ఒకసారి చూసి, "కణ్ణాడి పోచ్చు సార్" అన్నాడు. నేను కంగారుగా ముక్కు తడుముకున్నాను. కళ్లజోడు ఉంది. తమిళంలో దానికీ తమరికీ ఒకటే మాట. పోయింది తమరని అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

కెనాన్, నికాన్ 2020 తర్వాత తమరి వంశంలో కొత్త బిడ్డను కనలేదట. పెంటాక్స్ ఒక్కటే ఆ ఇంట్లో దీపం పెడుతోందట. వినడానికి బాధగానే ఉంది. కానీ ఒక్కటి గమనించారా? తమరిని వెళ్లగొట్టినవాళ్లకు ఇప్పటికీ సొంత పేరు లేదు. 2008లో పానసోనిక్ జీ1 వచ్చిన దగ్గర్నుంచీ ఇన్నేళ్లయినా "మిర్రర్‌లెస్" అనే పిలుచుకుంటున్నారు. ఫోన్‌లో మాత్రం అద్దం ఉందా? దాన్నెవరూ అలా అనరు. అంటే వీళ్లు ఇల్లు ఖాళీ చేయించారు గానీ గుమ్మం మీది పేరు పలక తీయలేకపోయారు.

ఖాళీ అంటే గుర్తొచ్చింది. ఈ పాత లెన్సు కొత్తదానికి పడుతుందా అని అడిగాను. పడదట. తమరు లేచి కూర్చోడానికి చోటు కావాలని 1987లో కెనాన్‌వాళ్లు లెన్సుకూ సెన్సర్ పలకకూ మధ్య 44 మిల్లీమీటర్లు వదిలారు. (అప్పుడది ఫిల్ము లెండి.) తమరు లేరు కాబట్టి 2018లో దాన్ని 20కి కుదించారు. చెన్నైలో అడుగుకు ఇంత అని ఫ్లాటు కొన్నవాడిగా, హాల్లో ఉయ్యాల బల్ల తీయించినవాడిగా, నేను వాళ్లను తప్పుపట్టలేను. కానీ పాత లెన్సు ఆ 44 దూరానికే బొమ్మను సరిగ్గా వేస్తుంది. దానికి కొత్త ఇల్లు ఇరుకు. "అదుక్కు ఇదు ఇరుక్కు" (దానికి ఇది ఉంది) అని ఆయన అలమారలోంచి ఒక నల్ల గొట్టం తీసి నా చేతిలో పెట్టాడు. కెమెరాకు ముందు గొట్టం తగిలించి, ఆ గొట్టానికి లెన్సు తగిలించాలని చెప్పి ధర చెప్పాడు. ఆ డబ్బుతో మా అమ్మాయికి పది చదవడానికి మంచి కుర్చీ, బల్ల వస్తాయి.

గొట్టాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూశాను. అంచున కరెంటు అందించే బంగారు చుక్కలు కొన్ని. మధ్యలో అవతలి పక్క ఆయన ముఖం కనిపించింది, ఏ తేడా లేకుండా.

"ఇందులో గాజు ఏదయ్యా?"

"గాజు ఇల్లె సార్."

"మరేముంది?"

"ఒణ్ణుమే ఇల్లె సార్. గాలి."

44లోంచి 20 తీసేస్తే 24. నేను కొలిచాను, స్కేలు నా జేబులోనే ఉంటుంది. సరిగ్గా 24 మిల్లీమీటర్ల గాలి. తమరు ఖాళీ చేసిన గది. దాన్నే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు.

ఇందులో తమరికి అద్దె ఏమైనా అందుతోందా? రాయగలరు. నా పుస్తకంలో దానికొక గడి వేసి ఉంచాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇంకా కెమెరా కొననివాడు.