టూ-లెట్: గచ్చిబౌలి స్టేడియం

"హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ!" అనే మాటను ఇకమీదట శిక్షార్హమైన నేరంగా ప్రకటించాలని ప్రభుత్వానికి మనవి. శిక్ష కఠినంగా ఉండక్కర్లేదు. ఆ మాట అన్నవాణ్ణి ఏదో ఒక బుధవారం సాయంత్రం ఆరున్నరకి అమీర్‌పేటలో నిలబెట్టి, ఏడున్నర కిక్‌ఆఫ్‌కి గచ్చిబౌలి స్టేడియంలో ఉండమనాలి. అంతే. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కణ్ణించి ఆటో అతని దయ, బయోడైవర్సిటీ జంక్షన్ దయ. రెండూ దక్కి లోపలికి చేరినా, సీటుకీ ఆటకీ మధ్య పరుగుపందేల ట్రాక్ అడ్డం. అది 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన అథ్లెటిక్స్ స్టేడియం మరి. అవతలి గోల్‌పోస్టు దగ్గర బంతి ఎవరి తలకి తగిలి లోపల పడిందో తెలియాలంటే పక్కవాడి ఫోన్‌లోకి తొంగిచూడాలి.

అయినా జనం వెళ్లారు. వెళ్లినవాళ్లు ఏం చూశారో కూడా లెక్క రాసుకోవాలి కదా. దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగైన ఇండియన్ సూపర్ లీగ్‌ని సీజన్ మొదట్నుంచి చివరిదాకా వెంబడించాలనుకునే కొత్తవారికి, ఈ స్టేడియంలో ఆడి ఊరు విడిచిపోయిన మన జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీని మించిన పాఠ్యపుస్తకం లేదు. ఇక్కడ ఉన్నది ఆరు సీజన్లే, సిలబస్ మాత్రం మొత్తం పూర్తయిపోయింది.

మొదటి పాఠం 2019-20. 18 మ్యాచులు, 2 గెలుపులు, 10 పాయింట్లు, 10వ స్థానం. లీగులో ఉన్నవే 10 జట్లు. తర్వాతి రెండు సీజన్లూ కరోనా మూలంగా లీగు మొత్తాన్నీ గోవాకి తీసుకెళ్లి, ఖాళీ గ్యాలరీల ముందు ఆడించారు. సరిగ్గా అప్పుడే స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో పడి ఈ జట్టు గుర్తుపట్టలేనంతగా మారింది. 2021-22లో మన ఫార్వర్డు ఓగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ముందుగా కేరళ బ్లాస్టర్స్ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా దూరం నుంచి ఒక్కటి పీకి స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి గోడకట్టినట్టు నిలబడ్డాడు, 3-1. ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు కాబట్టి మైదానంలో పసుపు మనది, గ్యాలరీల నిండా పసుపు మాత్రం కేరళవాళ్లది.

ఆ ఏడాది మన చాంపియన్లు సొంతగడ్డ మీద ఆడిన లీగు మ్యాచులు ఎన్ని? సున్నా. పెళ్లికొడుకు రెండేళ్లు గోవాలో ఉన్నాడు, పెళ్లీ అక్కడే అయిపోయింది. ఇక్కడి బంధువుల మీద మాత్రం, ఒక్కరూ వచ్చి అక్షింతలు వేయలేదని నిష్ఠూరం!

ఇంటికొచ్చాక 2022-23లో లీగులో రెండో స్థానం. ఇక్కడ కొత్తవారికో గమనిక: అప్పట్లో లీగులో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకి షీల్డు ఇచ్చేవారు. ఆ తర్వాత పై వరసలోని జట్లు మళ్లీ కొట్టుకుంటే, గెలిచినవాళ్లకి కప్పు. నెలల తరబడి బాగా ఆడినవాళ్లు ఒకరు, చాంపియన్లు మరొకరు కావచ్చు. 2022లో ఆ ఏర్పాటు మనకి మేలు చేసింది కాబట్టి దాని మీద విమర్శలేమీ లేవు. 2023లో సెమీస్‌లోనే పెనాల్టీల్లో పోయింది. ఆరు సీజన్లలో ఈ ఊరు కళ్లారా చూసిన మంచి సీజన్ ఆ ఒక్కటే. మరుసటి ఏడు 22 మ్యాచులకి 1 గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ ఆఖరి స్థానం. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. 2025లో పెట్టే బేడా సర్దుకుని ఢిల్లీ వెళ్లి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది.

పొరపాటు మొదట్లోనే జరిగింది. జట్టు దిగేముందు ఇంటి ఓనరు అడగాల్సిన ప్రశ్నలు ఎవరూ అడగలేదు. 2019లో స్టేడియం గేటుకి టూ-లెట్ బోర్డు కట్టి, సగటు హైదరాబాద్ ఓనరుని ఒకాయన్ని ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి ఉంటే పని ఇలా తేలిపోయేది.

"ఎంతమంది ఉంటరు?"

"ముప్పై మంది దాకా ఉంటాం అంకుల్."

"ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?"

"ఎక్కువమంది బ్యాచిలర్సే. కానీ బుద్ధిమంతులు. రాత్రి పదికల్లా లైట్లు ఆర్పేస్తారు."

"బ్యాచిలర్లకియ్యం. అండ్ల ఫారినోళ్లు గూడ ఉన్నరా?"

"ఉన్నారంకుల్. కానీ గ్రౌండులో ఒక్కసారి ఐదుగురికి మించి కనపడరు."

"నీళ్లు బోరుయే. మంజీర తాగనీకె మాత్రమే."

"గడ్డికి కూడా కావాలంకుల్."

"గడ్డి పెంచుతరా! సరే గని, ఇంతకుముందు ఎవరన్న కిరాయికున్నరా మీ లెక్కల?"

"పుణెలో ఒక జట్టు ఐదేళ్లుంది. అది మూతపడితే ఆ ఖాళీలో మేమొచ్చాం."

"మూతెందుకు పడ్డది?"

"పైసలకి ఇబ్బందైంది."

"మీకు కాదా మరి?"

"మాదే మొదటి సంవత్సరం కదంకుల్."

"ఢిల్లీల ఒక జట్టు ఉండె గద?"

"ఈ ఏడే భువనేశ్వర్ వెళ్లిపోయింది."

"అంటే ఢిల్లీల ఇల్లు ఖాళీగనే ఉన్నది."

"ఉందంకుల్. ఆరేళ్ల తర్వాత మాకు అక్కరకొస్తుంది."

"రెండు నెలల అడ్వాన్సు. గోడలకు మేకులు కొట్టొద్దు. కప్పులని, ఫోటోలని తగిలిస్తరు మల్ల."

"కప్పొస్తే గోవాలో తగిలిస్తామంకుల్."

ఈ ఓనరు అడిగిన రెండు నెలల అడ్వాన్సు ఉత్తుత్తి మాట కాదు. ఫిఫా రూల్ కూడా సరిగ్గా రెండు నెలల దగ్గరే మొదలవుతుంది. క్లబ్బు ఏ ఆటగాడికైనా రెండు నెలల జీతం ఎగ్గొడితే, అతను 15 రోజుల గడువిస్తూ నోటీసు పంపవచ్చు. అప్పటికీ డబ్బు పడకపోతే కాంట్రాక్టు తెంపుకుని, బాకీ వసూలు చేసిపెట్టమని ఫిఫా తలుపు తట్టవచ్చు. ఫిఫా కట్టమంటుంది. క్లబ్బు కట్టదు. అప్పుడు కొత్త ఆటగాళ్లెవరినీ నమోదు చేసుకోకూడదని నిషేధం పడుతుంది, బాకీ తీరకపోతే వరుసగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల (కొత్తవాళ్లని నమోదు చేసుకునే గడువుల) దాకా. ఉన్నవాళ్లు నోటీసు చేతబట్టుకుని పోతారు, కొత్తవాళ్లని తెచ్చుకోవడానికి వీల్లేదు. కప్పు గెలిచిన జట్టు రెండేళ్లు తిరక్కుండా ఆఖరి మెట్టు మీదికి జారిపోయింది ఇలాగే, దిష్టి తగిలి కాదు.

మిగిలింది ఎవరు? పిల్లలు. రిజర్వ్ జట్టులోంచి, చిన్న వయసువాళ్ల జట్లలోంచి పైకి తోసిన కుర్రాళ్లు. ఎదురుగా కోట్లు పెట్టి తెచ్చుకున్న విదేశీ ఫార్వర్డులు. వారం వారం ఆ కుర్రాళ్లు టీవీలో అందరి ముందూ ఓడారు, ఓడినందుకు తిట్లు తిన్నారు. జీతం ఆపినవాళ్లు మాత్రం ఒక్క మ్యాచూ ఓడలేదు. వాళ్ల పేర్లు పాయింట్ల పట్టికలో ఉండవు కదా. పోనీ, ఆఖరున నిలిచినందుకు కింది లీగుకి దిగాలా అంటే అదీ లేదు. అప్పటికి ఈ లీగులో కిందికి దిగడం అన్న మాటే లేదు. ఎంత భ్రష్టుపట్టినా నీ కుర్చీ నీదే. కావాలంటే ఆ కుర్చీని ఇంకొకరికి అమ్ముకోవచ్చు, లారీకెత్తి ఇంకో ఊళ్లో దింపుకోవచ్చు.

ఇదే ఊరి శివార్లలో, అజీజ్‌నగర్‌లో, శ్రీనిధి డెక్కన్ అనే మరో క్లబ్బు సొంత మైదానం కట్టుకుని, సూపర్ లీగ్‌కి ఒక మెట్టు కిందున్న ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. ఐ-లీగ్ నుంచి పైకి పోయేది ఒక్క మొదటి జట్టే. పైనుంచి ఎవరూ దిగకపోతే రెండోవాళ్లకి చోటెక్కడిది? గచ్చిబౌలిలో ఆఖర్న వచ్చినవాళ్లు సూపర్ లీగ్, అజీజ్‌నగర్‌లో రెండోసారి రెండో స్థానం తెచ్చుకున్నవాళ్లు చిన్న లీగ్. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ప్రొఫెషనల్ వ్యవస్థ. సిగ్గు లేకపోతే సరి!

పైగా ఈ ఊరికి ఫుట్‌బాల్ తెలియదట. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. ఆ జట్టు కోచ్ రహీమ్ సాబ్ దేశానికి 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారాలు తెచ్చిపెట్టాడు, మధ్యలో 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించాడు. 1962లో బంగారం గెలిచిన జట్టులో ఆడిన తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. 1951లో బంగారం గెలిచింది ఢిల్లీలోనే. అప్పట్లో మనవాళ్లు ఢిల్లీ వెళితే పతకంతో తిరిగొచ్చేవాళ్లు.

ఢిల్లీ చేరిన జట్టుకైనా సుఖం దొరికిందా అంటే, అక్కడ దిగేసరికి లీగే లేదు. లీగుని నడుపుకునే హక్కుల కోసం 2010లో 15 ఏళ్లకి రాసుకున్న ఒప్పందం 2025 డిసెంబర్ 8న ముగుస్తుందని అందరికీ 15 ఏళ్లుగా తెలుసు. తెలిసిన సంగతికి అంత తొందరెందుకని ఊరుకుని, జులై 11న సీజన్‌ని "హోల్డ్"లో పెట్టారు. కాల్ సెంటర్‌లో హోల్డ్ పెడితే కనీసం పాట వినిపిస్తారు. ఇక్కడ అదీ లేదు, కొన్ని క్లబ్బుల్లో జీతాలు మాత్రం ఆగిపోయాయి. హక్కులకి టెండర్ పిలిస్తే ఒక్క బిడ్ కూడా పడలేదు. దేశపు ఫుట్‌బాల్ సమాఖ్యకి కొత్త రాజ్యాంగం ముసాయిదా రాసిపెట్టిన జస్టిస్ నాగేశ్వరరావు మన తెలుగాయనే. అందులో ఎన్ని పేజీలున్నా బంతి మీద కాలు పెట్టే మనిషి కావాలి కదా. చివరికి కేంద్ర మంత్రి కలగజేసుకుని 2026 ఫిబ్రవరి 14 ముహూర్తం పెట్టారు. 14 జట్లు, 91 మ్యాచులు. అంటే ఒక్కో జట్టుతో ఒక్కసారే. బాకీల్లో సగానికి సెటిల్‌మెంట్ చేసుకున్నట్టు, సీజన్ కూడా సగానికి తేల్చేశారు.

ఇక మిగిలింది ఆ పసుపు జెర్సీ. పాత అభిమానుల బీరువాల్లో ఇంకా మడతపెట్టే ఉంది. ఢిల్లీ మ్యాచుకి వేసుకెళితే ఎవరూ గుర్తుపట్టరు. గచ్చిబౌలికి వేసుకెళ్లడానికి మ్యాచే లేదు. పారేయకండి, కొచ్చికి పనికొస్తుంది. అక్కడి గ్యాలరీలన్నీ ఆ రంగే. ఛాతీ మీది బ్యాడ్జి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలు, బ్లాస్టర్స్ మీద భక్తి అనుకుంటారు.