మొగదిషులో ఫిర్యాదు వినేదెవరు?

సోమాలియా రాజధాని మొగదిషులో ఇంటి స్థలం తగాదా వస్తే నేటికీ చాలామంది ప్రభుత్వ కోర్టు మెట్లెక్కరు. నగరం పొలిమేర దాటి, ఇస్లామిక్ సాయుధ సంస్థ అల్ షబాబ్ పెత్తనం సాగే ప్రాంతానికి పోయి అక్కడి ఖాజీ ముందు నిలబడతారు. అక్కడ లంచం అడగరు, ఏళ్ల తరబడి వాయిదాలుండవు, తీర్పు చెబితే అమలవుతుంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పే కారణాలివే. 2017 అక్టోబర్ 14న మొగదిషు కూడలిలో ట్రక్కు బాంబు పేలి 587 మంది చనిపోయారు. ఆ ఘాతుకం అల్ షబాబ్ పనేనని ప్రభుత్వం తేల్చింది. అలాంటి సంస్థ గడప తొక్కుతున్నది మతోన్మాదులు కాదు, తమ పట్టా కాగితాన్ని చూసి ఎవరో ఒకరు నిజం తేల్చాలనుకునే మామూలు మనుషులు.

ఈ నిజం మింగుడు పడటం కష్టమే. అయినా సోమాలియా గురించి మాట్లాడాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. పాతికేళ్లుగా పెద్ద దేశాలు ఆ గడ్డ మీద ఉగ్రవాదుల కోసమే వెతికాయి. న్యాయం కోసం జనం పడిన పాట్లు వాటి కంట పడలేదు.

21 ఏళ్లు ఏలిన నియంత సియాద్ బర్రే 1991 జనవరిలో మొగదిషు వదిలి పారిపోయాడు. అతణ్ని తరిమినవాళ్లు ఏడాది తిరక్కుండానే ఒకరి మీద ఒకరు ఫిరంగులు ఎక్కుపెట్టారు. అలీ మహదీ, జనరల్ అయిదీద్ ఇద్దరూ హవియే తెగవారే, ఉపతెగలు మాత్రం వేరు. నగరం ఉత్తర, దక్షిణ భాగాలుగా చీలిపోయింది. ముఠాలు బైదోవా పట్టణం వైపు రహన్‌వేన్ తెగ రైతుల గాదెలు ఊడ్చేశాయి. 1992 కరవులో చనిపోయినవారి సంఖ్య మూడు లక్షల దాకా ఉంటుందని అంచనా. ఓడల్లో వచ్చిన సాయం బియ్యాన్ని కూడా ముఠాలే దోచుకున్నాయి. ఐక్యరాజ్యసమితి సేనలు దిగాయి. మన సైన్యం నుంచి కూడా ఒక బ్రిగేడ్ బైదోవా ప్రాంతంలో పనిచేసి, 1994 డిసెంబర్లో తిరిగొచ్చింది. అక్కడే ప్రాణాలు వదిలిన మన జవాన్లు, సైనిక వైద్యులు ఉన్నారు. 1995 మార్చి నాటికి బయటి సేనలన్నీ వెళ్లిపోయాయి. ఆ తర్వాత సోమాలీల గోడు పట్టించుకున్నవాళ్లు లేరు.

యుద్ధ ప్రభువుల, అంటే ఈ సాయుధ ముఠాల నాయకుల పాలన ఏమిటో తెలియాలంటే వాళ్ల చెక్‌పోస్టు ఒక్కటి చూస్తే చాలు. రోడ్డుకు అడ్డంగా ఒక తాడో గొలుసో ఉండేది. పక్కన చెట్టు నీడలో పికప్ ట్రక్కు, దాని వెనక బిగించిన పెద్ద తుపాకీ. మత్తునిచ్చే ఖాట్ ఆకు నములుతూ మీసాలైనా సరిగా రాని కుర్రాళ్లు కాపలా. మొగదిషు రేవు మూతబడటంతో సరుకుల ఓడలు నగరానికి ఉత్తరాన ఎల్ మాన్ తీరానికి దూరంగా సముద్రంలోనే ఆగేవి. బియ్యం, చక్కెర బస్తాలను పడవల్లోకి దించి ఒడ్డుకు తెచ్చేవారు. అక్కణ్నుంచి లారీ మొగదిషులోని బకారా మార్కెట్‌కు చేరేలోపు ఒక్కో ఉపతెగ ముఠాకు ఒక్కో చోట డబ్బు చెల్లించాలి. ఆ సొమ్మంతా చివరికి కొనుక్కు తినేవాడి నెత్తినే పడేది. బస్సులో వెళ్లే ఆడవాళ్లకు డబ్బు పోవడంతోనే ఆపద తీరేది కాదు. ఫిర్యాదు చేద్దామంటే పోలీసు లేడు, జడ్జి లేడు. తెగ పెద్దల కట్టుబాట్లు ఉన్నాయి నిజమే. హత్య జరిగితే చంపినవాడి తెగ చనిపోయినవాడి తెగకు పరిహారం ఇవ్వాలన్నది పాత ఆచారం. కానీ అది తుపాకులున్న తెగలకే అక్కరకొచ్చింది. షబెల్లె, జుబ్బా నదుల ఒడ్డున సేద్యం చేసుకునే బంటూ రైతు తన పొలం పోయిందంటే ఏ పెద్దమనిషీ కదిలేవాడు కాదు.

ఆ శూన్యంలో పుట్టినవే షరియా కోర్టులు. 1994లో ఉత్తర మొగదిషులో షేక్ అలీ ధీరె ఆధ్వర్యంలో మొదటిది నడిచింది. చేతులు నరికే శిక్షలూ వేసింది. దొంగతనాలు తగ్గాయి, జనం దాని వైపు మొగ్గారు. దానికి మొదట అండగా నిలిచిన అలీ మహదీయే, తన పలుకుబడికి ఎసరు వస్తోందనిపించగానే దాన్ని అణగదొక్కాడు. దక్షిణాన అయిదీద్ బతికున్నంతకాలం అలాంటివి మొలవనివ్వలేదు. 1996లో ఆయన చనిపోయాక అక్కడా మొదలయ్యాయి. ఉపతెగ పెద్దలు, మతగురువులు కలిసి కోర్టు పెట్టేవారు. ఖర్చు వ్యాపారులు భరించేవారు. ఆ కోర్టు తన తెగవాడినే విచారించేది, పరాయి తెగ దొంగ దొరికితే వాడి తెగ కోర్టుకు అప్పగించేవారు. లోపాలెన్ని ఉన్నా, వేరే తెగవాడికి అప్పు ఇచ్చిన వ్యాపారికి ఆ బాకీ వసూలవుతుందన్న ధీమా ఏళ్ల తర్వాత మళ్లీ కలిగింది. 1999లో బకారా వ్యాపారులు ముఠా నాయకులకు మామూళ్లు ఆపేసి, అదే డబ్బు కోర్టుల కాపలా దళాలకు ఇచ్చారు. ఆ దళాలు మొగదిషు నుంచి అఫ్గోయె పట్టణానికి పోయే రోడ్డు మీది చెక్‌పోస్టులు ఎత్తేయించాయి. యుద్ధ ప్రభువుల పతనానికి అసలు నాంది ఇదేనని మా అభిప్రాయం. బయటి ప్రపంచం మాత్రం దీన్ని గమనించనేలేదు.

షేక్ షరీఫ్ షేక్ అహ్మద్ కథ కూడా ఇలాంటిదే. మొగదిషు బడిలో జాగ్రఫీ చెప్పుకునే పంతులాయన. తన బడి కుర్రాణ్ని ముఠావాళ్లు డబ్బు కోసం ఎత్తుకుపోతే, విడిపించేందుకు వీధివాళ్లను కూడగట్టాడు. తర్వాత ఆ పేటకు కోర్టు కావాలని పట్టుబట్టి, దానికి పెద్ద అయ్యాడు, ఆపైన కోర్టుల కూటమికే నాయకుడయ్యాడు.

2006 ఫిబ్రవరిలో మొగదిషు ముఠా నాయకులు ఒక కూటమి కట్టి, శాంతి పునరుద్ధరణ, ఉగ్రవాద నిరోధం తమ లక్ష్యమని ప్రకటించుకున్నారు. వాళ్లలో కొందరు అప్పటి తాత్కాలిక ప్రభుత్వంలో మంత్రులు. వాళ్ల వెనక అమెరికా సీఐఏ డబ్బుంది. పదిహేనేళ్లుగా తమను పీక్కుతింటున్నవాళ్లనే ఉగ్రవాదం మీద యోధులుగా నిలబెడితే జనానికి ఏమనిపిస్తుంది? నెలల తరబడి వీధి పోరాటాల తర్వాత జూన్ 5న నగరం కోర్టుల చేతికొచ్చింది. చెక్‌పోస్టులు పోయాయి. పదకొండేళ్లుగా మూతబడిన విమానాశ్రయం జులైలో తెరుచుకుంది. ఆగస్టులో రేవు తెరుచుకుంది. ఆ ఆరు నెలల ప్రశాంతతను మొగదిషు వాసులు చాలాకాలం తలుచుకున్నారు.

అలాగని ఆ కోర్టులను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. అధికారం చేతికొచ్చిన నెలకే వాటిలోని మరో ముఖం బయటపడింది. జులై 4న మధ్య సోమాలియా పట్టణం ధూసమరేబ్‌లో జర్మనీ, ఇటలీ జట్ల వరల్డ్‌కప్ సెమీఫైనల్ చూస్తున్న సినిమా హాలు దగ్గర కోర్టుల సాయుధులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. నవంబర్లో ఖాట్ అమ్మకాలు నిషేధించారు. ఆ ఆకు అమ్మి పిల్లల్ని సాకుతున్నది ఎక్కువగా ఆడవాళ్లే. దక్షిణాన రేవు పట్టణం కిస్మాయోలో వాళ్లు వీధికెక్కితే తుపాకులే ఎదురొచ్చాయి. తెగలకు అతీతమని చెప్పుకున్నా, కోర్టుల పెద్దల్లో అత్యధికులు హవియేలే. ఆ పెద్దలను ఎన్నుకునే వీలు గానీ, తప్పు చేస్తే దించే దారి గానీ జనానికి లేదు. కూటమిలో షరీఫ్ లాంటి మెతకవాళ్ల పక్కనే హసన్ దాహిర్ అవెయిస్ లాంటి కరడుగట్టినవాళ్లూ, అల్ షబాబ్ యువకులూ ఉన్నారు. ఇథియోపియా మీద జిహాద్ అంటూ వాళ్లు వేసిన కేకలు యుద్ధాన్ని గుమ్మంలోకి తెచ్చాయి.

అయితే దానికి ప్రపంచం ఇచ్చిన జవాబు ఇంకా ఘోరం. డిసెంబర్లో ఇథియోపియా సేనలు అమెరికా అండతో దండెత్తి, నెలాఖరుకు మొగదిషులో అడుగుపెట్టాయి. కోర్టుల కూటమి చెదిరిపోయింది. మాట్లాడగల మెతకవాళ్లు దేశం దాటారు. తుపాకీ తప్ప మరోటి తెలియని అల్ షబాబ్ పరాయి సేన మీద పోరాడే దేశభక్తుల వేషం కట్టింది. లక్షల మంది నగరం వదిలి అఫ్గోయె రోడ్డు పొడవునా గుడిసెలు వేసుకున్నారు. రెండేళ్ల తర్వాత, 2009 జనవరి 31న, అదే షేక్ షరీఫ్‌ను పొరుగు దేశం జిబూతీలో అధ్యక్షుడిగా ఎన్నుకుని అంతర్జాతీయ సమాజం చప్పట్లు కొట్టింది. ఆయనతో 2006లోనే కూర్చుని మాట్లాడి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవి? 2009 నాటికి ఆయన మాట వినే స్థితిలో అల్ షబాబ్ లేదు. 2011 కరవులో తన ప్రాంతాల్లోకి సహాయ సంస్థలను రానీయకుండా ఆ సంస్థ చేసిన పాపం మామూలుది కాదు. ఆ కరవుకు బలైనవారు రెండున్నర లక్షల పైమాటే, వారిలో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు.

మతాన్ని ఆసరా చేసుకుని లేచిన ఉద్యమాలన్నీ ఒకే తానులో ముక్కలనుకోవడం కూడా పొరపాటు. సూఫీ గురువుల సమాధులను అల్ షబాబ్ తవ్విపోస్తే, 2008లో మధ్య సోమాలియా సూఫీలు అహ్లు సున్నా పేరుతో ఆయుధం పట్టి దాన్ని తరిమారు. 2022లో మధ్య సోమాలియాలోనే హిరాన్ ప్రాంత పల్లెజనం లుంగీలు బిగించి అదే పని చేశారు. మతంతో పనిలేకుండా తెగల గోడ దాటినవాళ్లూ ఉన్నారు. 2000లో జిబూతీలోని ఆర్తా సదస్సులో ఐదు తెగల వర్గాలకు సీట్లు పంచుతుంటే, ఆషా హాజీ ఎల్మీ నాయకత్వంలో మహిళలు తమది ఆరో తెగ అని ప్రకటించి కూర్చున్నారు. ఉత్తరాన, సోమాలియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లో తెగ పెద్దలు 1993లో బొరామా పట్టణంలో నెలల తరబడి చర్చించి తుపాకులు దింపించారు. బయటి సేన లేకుండానే, చాలావరకు సొంత ఖర్చుతోనే అది జరిగింది.

నేడు అధ్యక్షుడు హసన్ షేక్ మహమూద్ ప్రభుత్వం ఆఫ్రికన్ యూనియన్ సేనల కాపలాలో నడుస్తోంది. డ్రోన్లకూ సైనిక శిక్షణకూ నిధులిచ్చే దేశాలు చాలానే ఉన్నాయి. జిల్లా జడ్జికి నెలనెలా జీతం, ఇంటికి కాపలా, స్థలాల రికార్డులు దాచే ఆఫీసు, తీర్పు అమలు చేసే పోలీసు కావాలంటే మాత్రం అందరూ వెనకడుగు వేస్తారు. అల్ షబాబ్ పట్టు నుంచి విడిపించిన పట్టణంలో సైన్యం జెండా ఎగరేసి వెళ్లిపోతే, నెల తిరిగేసరికి తగాదాలు మళ్లీ పాత ఖాజీ దగ్గరికే చేరతాయి. విడిపించిన ప్రతి పట్టణంలోనూ ముందు కోర్టు తెరవాలి. అందులో తెగ పెద్దలకూ, ఉలేమాకూ (మతపండితులకూ) చోటుండాలి. చిన్న తెగలవాళ్లూ మహిళలూ భయం లేకుండా వెళ్లగలగాలి.

ఈ పనిలో భారత్ చేయగలిగింది ఉంది. హైదరాబాద్ టోలీచౌకీలో చదువుకుంటున్న, తలదాచుకుంటున్న సోమాలీలు మనకు కొత్తవాళ్లు కారు. ఆఫ్రికా దేశాల అధికారులకు మన ప్రభుత్వం ఏటా శిక్షణ ఇస్తూనే ఉంది. సోమాలియా జడ్జిలకు, భూరికార్డుల సిబ్బందికి అందులో ప్రత్యేకంగా సీట్లు కేటాయించాలని, ఇక్కడ లా చదివే సోమాలీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు పెంచాలని మేం విదేశాంగ శాఖను కోరుతున్నాం.