ఇమ్రోజ్‌ను తెలుగులో చదువుకునే రోజు రావాలి

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ పేరు వినిపిస్తుంది. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా హైదరాబాదులోని కాచిగూడ చప్పల్ బజార్ దగ్గర, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఆయనను కాల్చి చెయ్యి నరికారని, వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా గాయపడ్డాడని అందరం రాస్తాం. ఆ చేత్తో ఆయన ఏం రాశాడన్న ప్రశ్న మాత్రం మనలో ఎవరమూ వేసుకోం. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టి ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్న యువకుడాయన. మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’ పత్రికలో ఉప సంపాదకుడిగా పనిచేశాడు. నిజాం ప్రభుత్వం దాన్ని మూయించాక, బూర్గుల రామకృష్ణారావు వంటి పెద్దల అండతో 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ దినపత్రికను మొదలుపెట్టాడు. భారత ప్రభుత్వానికీ నిజాంకూ ఉన్న సంబంధాలను తాత్కాలికంగా అలాగే కొనసాగించాలనే యథాతథ ఒప్పందం కుదిరింది కూడా ఆ నెలలోనే. రజాకార్ల మీద నోరెత్తితే ప్రాణానికే ముప్పున్న ఆ రోజుల్లో, హైదరాబాదు నడిబొడ్డున, ఉర్దూలోనే, సంస్థానం భారతదేశంలో కలవాలని తొమ్మిది నెలల పాటు వాదించిన పత్రిక అది. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి మరొక ప్రభుత్వం నడుస్తున్నాయని అది రాసింది. మంజూర్ యార్ జంగ్, బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు విలీనాన్ని కోరుతూ చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో అచ్చువేసింది. ఆ నెల గడవకముందే సంపాదకుణ్ణి చంపేశారు. మరో నాలుగు వారాలు తిరగకుండానే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.

సెప్టెంబరు 17 విమోచనమా, విలీనమా, విద్రోహమా అని ఏటా వాదించుకునేవారు ముందుగా చదవవలసినది ఈ పత్రికే అని నా గట్టి నమ్మకం. ఒక మతం ఇటు, మరో మతం అటు నిలబడిందన్నట్టు ఆనాటి చరిత్రను చెప్పేవారికి, ఉర్దూ చదివే నగరంలోనే ఎంత తీవ్రమైన చర్చ జరిగిందో ఆ పుటలే చూపిస్తాయి. ఆయనను అమరవీరుడని కీర్తించి, ఆయన వాదనను పక్కన పెట్టేయడం నా దృష్టిలో ఆయనకు జరుగుతున్న అన్యాయం.

సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక సంపాదకీయాలు పుస్తకంగా వచ్చాయి కాబట్టి వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. ఇమ్రోజ్‌కు ఆ భాగ్యం దక్కాలి. ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగు ఇళ్లలో ఉర్దూ పత్రికలు తెప్పించుకున్న తరం దాదాపు వెళ్లిపోయింది. వారి మనుమలకు ఆ లిపి రాదు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారం (స్టేట్ ఆర్కైవ్స్), పంజగుట్టలోని ఉర్దూ సాహిత్య సంస్థ ఇదారె అదబియాతె ఉర్దూ, పాత కుటుంబాల బీరువాలు, ఇలా అన్నిచోట్లా వెతికి, దొరికిన ప్రతి సంచికనూ స్కాన్ చేయించాలి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పరిశోధకులకు జీతమిచ్చి అనువాదం చేయించాలి. గచ్చిబౌలిలో ఉర్దూ విశ్వవిద్యాలయమే ఉంది కనుక మనుషులు లేరనే సాకు కుదరదు. విగ్రహాలకూ సభలకూ డబ్బు కేటాయించే ప్రభుత్వం ముందుగా ఈ పనికి కేటాయించాలి. మీ తాతల ట్రంకు పెట్టెల్లో ఇమ్రోజ్ సంచిక ఒక్కటి ఉన్నా, దయచేసి పాత కాగితాలవాడికి వేయకండి, ఫొటోలు తీసి పంచండి.