‘వంటగది మూసివేయబడినది’ అనే బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, కుశలమంతా మీ వైపే కనిపించింది. స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ పాతబస్తీలో ఏ గుమ్మం ముందు ఆగినా మీరే ఎదురొచ్చారు. ఒకచోట పలక మీద సుద్దముక్క రాతగా, ఒకచోట దారానికి వేలాడే అట్టగా, ఒకచోట ఏకంగా మనిషి రూపంలో. ఆ మనిషి కౌంటరు తుడుస్తూ, తలెత్తకుండానే వేళ్లు చూపించాడు. ఎనిమిది.

అప్పుడు టైము నాలుగుంపావు.

వేరే ఊరైతే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదండీ. తిండి కోసమే జనం విమానాలెక్కి వచ్చే ఊరిది. అర్సాక్, అకెలారె, ఊరి పక్కనే లసార్తెలో మార్టిన్ బెరసాతెగి. రెండు లక్షల జనం కూడా లేని ఊరికి మిషెలిన్ గైడు 3 నక్షత్రాలిచ్చిన హోటళ్లు ఇన్ని. అలాంటిచోట, చేతిలో యూరోలు పెట్టుకుని, పెళ్లాం మొగుడూ పస్తున్నారంటే నమ్మేవాళ్లుంటారా? మా విజయవాడలో అదే వేళకి బండి మీద నూనె కాగుతుంటుంది. పునుగుల వాడికి ఒక్క నక్షత్రం లేదు, కానీ సాయంత్రం పూట మనిషికి ఆకలేస్తుందన్న ఇంగితం ఉంది.

కౌంటరు మీద పించోస్ అనే చిరుతిళ్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, గాజు మూత కింద, మధ్యాహ్నం మిగిలినవి. హ్యామ్, ఆంకోవీ అనే ఉప్పుచేప, రొయ్య, హ్యామ్ మీద ఆంకోవీ. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. కాబట్టి ఆమ్లెట్టు ముక్కా పోయింది, ఈ సందుల్లోనే పుట్టి, పైన మాడడం వల్లే పేరు తెచ్చుకున్న చీజ్‌కేకూ పోయింది. గిల్డా అని పుల్లకి గుచ్చినదొకటి దొరికింది: ఆలివు, ఇబార్రా మిరపకాయ, వాటి మధ్య ఆంకోవీ. మావారు ఆంకోవీని లాగి తన నోట్లో వేసుకుని, పుల్ల నా చేతిలో పెట్టి, “ఇప్పుడు ఇది నీదే” అన్నారు.

తర్వాత ఊరు చూశాం. 31 ఆగస్టు వీధి అని ఉంది. 1813లో ఇంగ్లీషు, పోర్చుగీసు సైనికులు ఈ ఊరిని ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి పట్టుకుని తగలబెట్టినప్పుడు, కాలకుండా మిగిలిన కాసిని ఇళ్లూ ఈ వీధివే. వినగానే ఒళ్లు జలదరించాల్సిన మాట. నాకు మాత్రం ఆ ఇంటి కింద బారు, ఆ బారు తలుపు మీద తమరు, అంతవరకే కనపడింది. రాజ్యాంగం చౌకులో ఒకప్పుడు ఎద్దుల పోరాటాలు జరిగేవట, చూడ్డానికి బాల్కనీలు అద్దెకిచ్చేవారట. ఆ నంబర్లు ఇప్పటికీ కిటికీల పైన ఉన్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చుంటే ఏం చదువుతున్నావన్నారు మావారు. “మన టోకెను ఎప్పుడు పిలుస్తారా అని.”

వంటవాళ్లకి విశ్రాంతి వద్దనే పాపిష్టిదాన్ని కాను. పడుకోనివ్వండి, పిల్లల్ని చూసుకోనివ్వండి. కానీ వేళ గురించి మాట్లాడదాం. మీ ఊరు గ్రీనిచ్‌కి పడమర ఉంది, న్యాయంగా లండన్ టైము నడవాలి. 1940లో నియంత ఫ్రాంకో స్పెయిన్ గడియారాన్ని గంట ముందుకు తిప్పి జర్మనీ టైముతో కలిపాడు. యుద్ధం ముగిసింది, ఫ్రాంకో పోయాడు, ముల్లు మాత్రం వెనక్కి రాలేదు. వేసవిలో దాని మీద ఇంకో గంట. అంటే జూన్‌లో మీ గోడ గడియారం నాలుగుంపావు అంటుంటే, నెత్తి మీద సూర్యుడు రెండు అంటున్నాడు. రెండంటే అన్నం వేళ! మేం వేళకే వచ్చామండీ, వేళ తప్పింది తమరే. “వాళ్లూ ఆ లెక్కన పన్నెండింటికే తింటున్నారు కదా” అని మావారు ఏదో లాజిక్ తీశారు. ఆంకోవీలు తిన్న మనిషి లాజిక్ ఇక్కడ చెల్లదు.

చిల్లీదా అనే శిల్పి 1970ల్లో ఒండరెట్టా బీచి చివర రాళ్లకి గుచ్చిన ఇనుప కొక్కేల దగ్గరికి కూడా వెళ్లాం. అలలు కొడితే నేలలోని కన్నాల్లోంచి నీళ్లు ఎగజిమ్ముతాయట. ఆ సాయంత్రం సముద్రం కూడా ఎనిమిదికి రమ్మంది. తుంపర మాత్రం వేళాపాళా లేకుండా పడింది.

మగవాళ్లు ఒకచోట చేరి వండుకు తినే సంఘాలు ఈ ఊళ్లో పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఇప్పుడు చాలావాటిలో ఆడవాళ్లని భోజనానికి రానిస్తున్నారు, కొన్నిచోట్ల వంటింటి గడప మాత్రం దాటనివ్వరట. సభ్యత్వం ఎంతో కనుక్కోమన్నాను. మావారు మాట మార్చారు.

ఇక మర్యాదలు చాలు. ఒక్క పొయ్యి! ఇంత పేరున్న ఊళ్లో, ఇన్ని గరిటెలున్న ఊళ్లో, నాలుక్కీ ఎనిమిదికీ మధ్య ఒక్క పొయ్యి వెలిగి ఉంటే ఎవడి సొమ్ము పోతుంది? వంతులేసుకోండి. ఇవాళ ఈ వీధి, రేపు ఆ వీధి. ఆకలితో ఉన్నవాడి మొహాన తలుపేసి, ఆ తలుపు మీద అందమైన దస్తూరీతో నిన్ను తగిలించడం సంస్కృతా? నువ్వు బోర్డువి. నీకు కడుపు లేదు. నీకేం తెలుసు?

ఎనిమిది దాటాక ఒకబ్బాయి వచ్చి, తమరిని తీసి ఫ్రిజ్ వెనక్కి తోశాడు. ఐదు నిమిషాల్లో గెర్నికా మిరపకాయలు వచ్చాయి, పచ్చివి, లేతవి, ఆలివ్ నూనెలో పొక్కులు తేలేదాకా వేయించి పైన రాళ్లుప్పు చల్లినవి. తొడిమ పట్టుకుని నోట్లో పెట్టుకోవడమే. మావారు ఒకటి తీసుకోబోతే ఆయన చెయ్యి మీద కొట్టాను. రెండో ప్లేటు చెప్పాం, అది రాకముందే మూడోది చెప్పాం. వీటికి కారం అన్నది లేదని ఇంకో ఫిర్యాదు రాయాల్సింది, కానీ అప్పటికి చెయ్యి ఖాళీ లేదు.

ఇట్లు,
రేపు మూడింటికే వచ్చి మీ ముందు నిలబడబోయే మనిషి