సేఫ్ సైడ్‌కి 16 పొయ్యిలు

హైదరాబాద్ ఐటీలో అన్నిటికంటే ఖరీదైన మాట ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్తాను. "సేఫ్ సైడ్‌కి."

ఇంట్లో ఈ మాట వల్ల పెద్ద నష్టం లేదు. తొమ్మిదింటి ఫ్లైట్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగింటికే బయల్దేరి, శంషాబాద్‌లో కుర్చీలు లెక్కపెడుతూ కూర్చుంటాం. ఆరుగురు చుట్టాలొస్తే పదిమందికి బిర్యానీ చెప్తాం. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తింటాం, మధ్యాహ్నం కూడా తింటాం, అడిగితే బాగుందనే అంటాం. కానీ అద్దెకు తీసుకున్న కంప్యూటర్లో ఈ రాత్రి మిగిలిపోయిన సీపీయూని రేపటికి ఏ ఫ్రిజ్‌లోనూ పెట్టలేం. అది గంట గంటకూ పాచిపోతుంది, బిల్లు మాత్రం తాజాగా వస్తుంది.

విషయానికొస్తాను. రాయదుర్గంలో అద్దాల బిల్డింగులో మా ఆఫీసు. మాకో బ్యాచ్ జాబ్ ఉంది. అమెరికాలో క్లయింట్ దుకాణం కట్టేశాక, మనకు తెల్లవారుజామున 5 గంటలకు, ఆ రోజు లావాదేవీల ఫైలు తెరిచి ఒక్కో వరుసా చదివి, కూడికలు వేసి, ఒక రిపోర్టు చేసి పెడుతుంది. పైథాన్ ప్రోగ్రాము. ఒకే త్రెడ్. అంటే ఎన్ని సీపీయూలు చేతికిచ్చినా అది పట్టుకునేది ఒక్కదాన్నే. మెమరీ ఎంత ఎక్కువ వాడినా 3 జీబీ దాటలేదు. నలభై నిమిషాల పని. ఆ రిపోర్టును క్లయింట్ తెరిచేది వాళ్లకు తెల్లారాక, అంటే మనకు దీపాలు పెట్టే వేళకి. మధ్యలో పన్నెండు గంటల పైన ఖాళీ.

ఈ నలభై నిమిషాల కూలీకి మా వాళ్లు ఎలాంటి బంగళా చూశారో వినండి.

ముందు పాత కథ ఒకటి చెప్పాలి. రెండేళ్ల క్రితం ఓ రాత్రి ఈ జాబ్ మధ్యలో చచ్చిపోయింది. పోతూ పోతూ వదిలిన నంబరు, అంటే ఎగ్జిట్ కోడ్, 137. అందులో గూఢార్థమేమీ లేదు. 128కి 9 కలిపితే 137. తొమ్మిదో నంబరు సిగ్నల్ అంటే గొంతు పిసికేయడం. నీకిచ్చిన మెమరీ హద్దు దాటావు కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అదే కెర్నల్, నిన్ను చంపింది, అంతే. ఎందుకు దాటిందయ్యా అని చూస్తే, ఎవరో పుణ్యాత్ముడు ఫైలు మొత్తాన్ని ఒకేసారి ఒక లిస్టులోకి ఎత్తాడు. ముక్కలు ముక్కలుగా చదవమని రెండు లైన్లు మార్చితే సరిపోయింది, మార్చారు కూడా. కానీ ఆ రాత్రి ఫోన్లు ఎత్తినవాళ్లకు పట్టిన జడుపు మాత్రం వదల్లేదు. రోగం తగ్గిపోయినా తాయెత్తు విప్పలేదు. పైగా ఏటా ఒక ముడి ఎక్కువ వేస్తున్నారు.

ఇక ఈ జాబ్‌కి ఎన్ని సీపీయూలు, ఎంత మెమరీ అని సైజు ఖరారు చేసే మీటింగ్. పదకొండుమందిమి. ఏసీ గది, తెర మీద ఒక పట్టిక. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్ల లేచి, "సార్, నెల రోజుల గ్రాఫ్ చూశాను, 3 జీబీ దాటలేదు, ఒక సీపీయూ, 4 జీబీ పెడితే చాలు" అంది. ఆ గదిలో ఆ రోజు పలికిన ఒకే ఒక్క నిజం అది. అందరూ ఆమెను, పెళ్లిచూపుల్లో కట్నం గురించి నోరు తెరిచిన చిన్నపిల్లను చూసినట్టు చూశారు.

టెక్ లీడ్ గొంతు సవరించుకున్నాడు. "సేఫ్ సైడ్‌కి 8 జీబీ వేద్దాం."

ఆర్కిటెక్ట్ గారు కళ్లద్దాలు తీశారు. ఆయన కళ్లద్దాలు తీస్తే రెట్టింపు ఖాయం. "పండగ సీజన్‌లో లోడ్ పెరుగుతుంది. 16." ఏ పండగ అని ఎవరూ అడగలేదు. అడిగితే నాలుగు పండగలకు నాలుగు రెట్లు అంటారేమోనని భయం.

మేనేజర్ గారు, "రేపు ఏమైనా అయితే నేను క్లయింట్‌కి ఏం చెప్పాలి? 32 చేయండి" అన్నారు.

ఇక్కడ చిక్కొచ్చింది. మేం వాడేది ఏడబ్ల్యూఎస్ ఫార్గేట్, అంటే అమెజాన్ వాళ్ల క్లౌడ్‌లో సీపీయూ, మెమరీ అద్దెకిచ్చే సర్వీసు. అందులో సీపీయూ, మెమరీ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు కలుపుకోవడం కుదరదు. జతలు ఉంటాయి. 4 సీపీయూలకు గరిష్ఠంగా 30 జీబీ. 32 కావాలంటే 8 సీపీయూల మెట్టు ఎక్కాల్సిందే. ఆ చివరి 2 జీబీ కోసం అదనంగా నాలుగు సీపీయూలు. మామూలు మనిషైతే ఇక్కడ ఆగి, "30తో సరిపెట్టుకుందాంలే" అంటాడు. మా డెలివరీ హెడ్ మామూలు మనిషి కాదు. "ఎలాగూ 8కి వెళ్తున్నాం కదా, 16 కూడా ఉంది కదా?" అన్నారు. ఉంది. "మరి మెమరీ?" 16 సీపీయూలకు 32 నుంచి 120 జీబీ దాకా. "రౌండ్ ఫిగర్ 64 పెట్టేయండి." 64 రౌండ్ ఫిగర్ ఎప్పుడైందో నాకు తెలియదు గానీ, మినిట్స్‌లో అలాగే ఎక్కింది. ఆ పిల్ల తన పట్టికను మెల్లగా మూసేసింది.

అలా ఒకే ఒక్క వంటవాడికి 16 పొయ్యిలు వెలిగించి ఇచ్చాం. అతను మొదటి పొయ్యి దగ్గరే కూర్చుని ఒక్కో గారే వేస్తున్నాడు. మిగతా పదిహేను గాడిపొయ్యిలు భగభగా మండుతున్నాయి. ఇంతకన్నా విచిత్రం డ్యాష్‌బోర్డు. సీపీయూ వాడకం 6 శాతం, పచ్చరంగు. నెలవారీ రివ్యూలో ఆ పచ్చరంగును చూపించి, "సిస్టమ్ చాలా హెల్దీగా ఉంది" అని చెప్పుకుంటున్నాం. పదహారు పొయ్యిల్లో పదిహేను ఖాళీగా ఉండటం మా ఆరోగ్యం.

లెక్క కష్టమేం కాదు. ఉత్తర వర్జీనియాలో, మా జాబ్ ఉండేది అక్కడే, లైనక్స్ కంటైనర్‌కి, అంటే మా ప్రోగ్రామును పెట్టి నడిపే డబ్బాకి, సీపీయూ గంటకు సుమారు 4 సెంట్లు, ఒక జీబీ మెమరీ గంటకు అర సెంటు లోపు. ఆ పిల్ల చెప్పిన సైజుకి గంటకు 6 సెంట్లు కూడా కాదు. మా రౌండ్ ఫిగర్‌కి 93 సెంట్లు. పదహారు రెట్లు. సీపీయూలు రెట్టింపు చేస్తే టైమ్ సగమైతే బాధ లేదు, బిల్లు అంతే వస్తుంది, పని ముందే అవుతుంది. టైమ్ తగ్గకపోతేనే దండగ. ముక్కలు చేయడానికి వీల్లేని పని ఎంత ఉంటే వేగం అక్కడే ఆగిపోతుందని కంప్యూటర్లు డిజైన్ చేసిన జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పాడు. ఆయన మా మీటింగ్‌కి వచ్చుంటే "సేఫ్ సైడ్‌కి ఇంకో సూత్రం చెప్పండి సార్" అనేవాళ్లం.

ఫార్గేట్‌ని తప్పుపట్టను. సెకన్ల లెక్కన బిల్లు వేస్తుంది, కనీసం ఒక నిమిషం, అంతే. నలభై నిమిషాలు నడిపి ఆపేస్తే నలభై నిమిషాలకే డబ్బు. కానీ "స్టార్ట్ అవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతోంది, ఎందుకొచ్చిన టెన్షన్" అని మా వాళ్లు దాన్ని రోజంతా నడిచే సర్వీసుగా మార్చారు. లోపల ఒక టైమర్. రోజుకు 23 గంటల పైన అది చేసే పని నిద్ర. ఊరికే అనడం లేదు, కోడ్‌లో ఆ లైను పేరే స్లీప్. నెలకు ఒకటింబావు డాలరుతో, అంటే నాలుగైదు ఇరానీ చాయ్‌ల డబ్బుతో అయిపోయే పనికి 670 డాలర్లు కడుతున్నాం. అర లక్ష పైమాటే.

స్పాట్ ఊసెత్తితే ఆర్కిటెక్ట్ గారు మళ్లీ కళ్లద్దాలు తీశారు. ఫార్గేట్ స్పాట్‌లో 70 శాతం దాకా తగ్గింపు. వాళ్ల దగ్గర ఎవరూ వాడని కెపాసిటీ ఉంటే ఇస్తారు, అవసరమైతే రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి తీసుకుంటారు. రైల్లో వేరేవాళ్ల బెర్తు మీద కూర్చోవడం లాంటిది. నిజం చెప్పాలంటే ఇంకా నయం, కాజీపేటలో ఎక్కిన బెర్తు ఓనరు రెండు నిమిషాలు కాదు, రెండు సెకన్లు కూడా ఇవ్వడు. లేచిపోతే ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టేలా రాసుకోవాలి. పన్నెండు గంటల వెసులుబాటు ఉన్న జాబ్ పదిసార్లు లేచి కూర్చున్నా దీపాలు పెట్టే వేళకి అయిపోతుంది. "క్లయింట్ ఒప్పుకోడు" అన్నారు. క్లయింట్‌ని అడిగారా? అడగలేదు. సేఫ్ సైడ్‌కి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నావల్ల కాదు.

మార్చిలో పైనుంచి మెయిల్ వచ్చింది. ఖర్చు తగ్గించాలి, ప్రతి టీమూ ఒక పేరు చెప్పాలి. మా ఫ్లోర్ నుంచి చెప్పిన పేరు ఆ కంటైనర్‌ది కాదు. మాకు చాయ్ పెట్టే ప్యాంట్రీ అక్కది. బోరబండ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఎవరికి షుగర్ ఉందో, ఎవరికి అల్లం పడదో, ఎవరు నైట్ షిఫ్ట్ చేసి తినకుండా కూర్చున్నారో ఆమెకు తెలుసు. కాంట్రాక్టర్ ఆమె చేతిలో పెట్టేది పదమూడు వేలు. "మెషిన్ వచ్చిందంట గద సారూ, ఇగ నాతోని పని లేదంట" అని చివరి రోజు కప్పులు కడుగుతూ చెప్పింది. ఆమె నాలుగు నెలల జీతాన్ని ఆ కంటైనర్ ఒక్క నెలలో నిద్రపోతూ తినేస్తోంది. ఆమె పేరు పట్టికలో పెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్కరైనా కళ్లద్దాలు తీయలేదు. ఒక్కడైనా "రేపు ఏమైనా అయితే?" అని అడగలేదు. పదకొండుమందిమి ఉన్నాం, పదకొండుమందిలో నేనూ ఉన్నాను, నా నోట్లో ఏముంది ఆ రోజు? సీపీయూలకు పదహారు రెట్లు జాగ్రత్త పడ్డవాళ్లం, ఆమె ఇంటి అద్దెకి ఒక్క నెల సేఫ్ సైడ్ ఇవ్వలేకపోయాం.

ఆ కోపంతోనే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఆ పిల్ల, నేనూ కలిసి వారం రోజులు నడిపి చూశాం. ఒక సీపీయూ, 4 జీబీ, పని కాగానే ఆగిపోయేలా. 41 నిమిషాలు. పదహారు పొయ్యిల మీద 38. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, కింద డాలర్లు రాసి పంపాం.

మేనేజర్ గారు సాయంత్రం పిలిచారు. "బాగుంది గానీ, మూడు నిమిషాలు లేటవుతోంది కదా. ఈ డిలేకి బాధ్యత ఎవరిది?"

పన్నెండు గంటల తర్వాత తెరిచే రిపోర్టుకి మూడు నిమిషాలు. చర్చ జరిగింది. మినిట్స్ రాశారు. మధ్యేమార్గంగా 8 సీపీయూలు, 32 జీబీ అని తేల్చారు. నిద్ర అలాగే ఉంచారు. పైకి వెళ్లిన మెయిల్‌లో "క్లౌడ్ ఖర్చులో 50 శాతం ఆదా" అని బోల్డ్‌లో ఉంది.

శుక్రవారం టీమ్ మొత్తాన్ని పిలిచి కేక్ కోయించారు. స్పాట్ కెపాసిటీ వద్దన్న ఆర్కిటెక్ట్ గారికి స్పాట్ అవార్డు ఇచ్చారు. మెషిన్ దగ్గర టీ తాగుదామని వెళ్తే పాలు అయిపోయాయి, ఎవరికి చెప్పాలో ఎవరికీ తెలియలేదు.